విరటుని కొలువులో సైరంధ్రి ఫిర్యాదు: విచారణ, దండన, దోషవిభాగం

2021 ఫిబ్రవరి 17న ఢిల్లీలోని రౌస్ అవెన్యూ న్యాయస్థానం ఒక పరువునష్టం కేసులో తీర్పు వెలువరించింది. కేంద్ర విదేశాంగ శాఖ సహాయమంత్రిగా పనిచేసిన ఎం.జె. అక్బర్, తనపై లైంగిక వేధింపు ఆరోపణ చేసిన పాత్రికేయురాలు ప్రియా రమణిపై వేసిన కేసు అది. ఆమె దోషి కాదని న్యాయస్థానం తేల్చింది. స్త్రీ గౌరవాన్ని బలిచ్చి మరొకరి పరువును కాపాడలేమని, బాధితురాలు దశాబ్దాల తరువాతనైనా తనకు తోచిన వేదిక మీద గోడు చెప్పుకోవచ్చునని ఆ తీర్పు చెప్పిన మాటలు విస్తృతంగా చర్చకు వచ్చాయి. వాటి పక్కనే ఉన్న మరో అంశంపై సాహిత్య విమర్శ తగినంత దృష్టి పెట్టలేదు. స్త్రీ గౌరవం ఇతివృత్తంగా రామాయణ, భారతాలు పుట్టిన దేశంలో ఇటువంటివి జరగడం సిగ్గుచేటని న్యాయమూర్తి వ్యాఖ్యానించారు. సభాపర్వంలో ద్రౌపది కురుసభను న్యాయం అడిగిన ఘట్టాన్ని ప్రత్యేకంగా స్మరించారు.

ఈ స్మరణ సదుద్దేశంతో చేసినదే. కాని అధికారంలో ఉన్న వ్యక్తిపై వచ్చిన ఆరోపణను ఎలా విచారించాలి, ఎంత శిక్ష తగును అన్న ప్రశ్నకు సభాపర్వం దగ్గరి ఉదాహరణ కాదు. కురుసభలో జరిగినదాన్ని అందరూ చూశారు. అక్కడ తేలవలసింది వాస్తవం కాదు, ధర్మసూక్ష్మం: తన్ను తాను ఓడిన భర్తకు భార్యను పణంగా ఒడ్డే అధికారం ఉన్నదా అన్నది. ఆ ప్రశ్న అడిగినది పట్టమహిషి. నేటి ఆరోపణల స్వరూపం వేరు. ఘటన నాలుగు గోడల మధ్య జరుగుతుంది. ఫిర్యాదు చేసే స్త్రీ హోదాలో చిన్నది. వినవలసిన ప్రభువుకు ఆరోపితుడు లేనిదే రాజ్యం నడవదు. ఆమె సొంతవారే ఒక పెద్ద ప్రయోజనం పేరు చెప్పి ఆమెను మౌనంగా ఉండమంటారు. ఈ నాలుగూ ఒకచోట కలిసిన ఘట్టం భారతంలో ఉన్నది, అది విరాటపర్వంలోని కీచకోదంతం. న్యాయస్థానం తలచుకోవలసిన సభ కురుసభ కాదు, విరటుని కొలువు.

తెలుగులో ఈ ఘట్టం తిక్కన చేతిలో, ప్రధానంగా విరాటపర్వ ద్వితీయాశ్వాసంలో, రూపుదిద్దుకున్నది. తిక్కన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. సభలో ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుందో, రాజు ముఖం ఎప్పుడు పక్కకు తిరుగుతుందో ఎరిగిన కవి. కీచకోదంతంపై తెలుగు విమర్శ చాలవరకు అతని నాటకీయతను, శృంగారాభాసాన్ని, రౌద్ర బీభత్సాల పోషణను వివరించడంలో నిమగ్నమైంది. ఆ కృషి విలువైనదే అయినా, రసదృష్టితో చూసినప్పుడు కీచకుని చావు కథకు సహజమైన ముగింపుగా కనిపిస్తుంది; సభలో ఏం జరగకుండా పోయిందన్న ప్రశ్న మిగలదు. ఈ ఉదంతంలో న్యాయం కొలత తప్పింది నర్తనశాలలో కాదని, అంతకుముందే కొలువులో తప్పిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథాక్రమం తెలిసినదే కనుక అవసరమైన మేరకే చెప్పుకోవచ్చు. పాండవులు మత్స్యనగరంలో పది నెలలు గడిపిన తరువాత, రాణి సుదేష్ణ తమ్ముడూ సేనాపతీ అయిన కీచకుడు సైరంధ్రిని చూస్తాడు. తిక్కన అతన్ని సింహబలుడని కూడా పిలుస్తాడు. తన భర్తలు ఐదుగురు గంధర్వులని, వారు అతని మానాన్నీ ప్రాణాన్నీ కూడా తీయగలరని ఆమె ముందే హెచ్చరిస్తుంది. తెలుగువారికి కంఠస్థమైన ఆ పద్యాన్ని సాధారణంగా వీరాలాపంగా చదువుతారు. విచారణ దృష్టితో చదివితే అది మరొకటి. ఇష్టం లేదన్న మాటను స్పష్టంగా, సాక్ష్యం చెప్పదగిన రీతిలో ఆమె నమోదు చేసిన సందర్భం అది. కీచకునికి తెలియక జరిగిందనడానికి ఆ తరువాత ఆస్కారం లేదు. సుదేష్ణ మొదట తమ్మునికి బుద్ధి చెప్పినా చివరకు లొంగిపోయి, మదిర తెమ్మన్న నెపంతో సైరంధ్రిని అతని ఇంటికి పంపుతుంది. పై అధికారి పని పేరుతో పంపడం, ఆ పని ఆరోపితుని ఇంట్లో కావడం, కాదనే వీలు పరిచారికకు లేకపోవడం: ఈ వరుసను నేటి పాఠకునికి వివరించనక్కరలేదు.

కీచకుడు చేయి పట్టుకోగా ఆమె విడిపించుకొని పరుగున కొలువుకు వస్తుంది. వెంబడించి వచ్చిన అతడు రాజు చూస్తుండగానే జుట్టు పట్టి తన్నుతాడు. ఇక్కడ సంస్కృత భారతంలో విరటుని సమాధానం శ్రద్ధగా పరిశీలించదగినది. మీ ఇద్దరి కలహం నా కంటికి మరుగున జరిగింది, అసలు సంగతి తెలియకుండా తీర్పు చెప్పడం నాకు తగునా అన్నది ఆ సమాధాన సారాంశం. పైకి చూస్తే ఇది దోషం లేని మాట. ఒక పక్షం చెప్పినది విని శిక్షించరాదు, తెలియనిదాన్ని తెలుసుకొని తీర్చాలి అన్నది ఏ న్యాయవ్యవస్థకైనా పునాది. ఆరోపితునికి రక్షణగా నిలిచే సూత్రం అదే. దాన్ని తేలికచేసి, విరటుడు పిరికివాడని కొట్టిపారేయడం మంచి చదువు కాదు.

అయితే విరటుని ముందున్న అభియోగాలు రెండు. కీచకుని ఇంట్లో జరిగినది మొదటిది. దాన్ని రాజు చూడలేదు, కనుక విచారణ కావాలి. కొలువులో తన్నడం రెండవది. దాన్ని రాజు చూశాడు, సభ్యులూ చూశారు. చూడనిదానికి వర్తించే సూత్రాన్ని చూసినదానికి కూడా అతడు వర్తింపజేశాడు. అంతటితో ఆగక, చూడనిదాన్ని విచారిస్తాననీ అనలేదు. తెలియదన్న మాట విచారణకు ఆరంభం కావలసింది, అతని నోట అది విచారణకు ముగింపు అయింది. న్యాయసూత్రం తప్పు కాదు, దాని వినియోగం తప్పు. రాజకీయ నాయకులపై ఆరోపణలు వచ్చినప్పుడల్లా వినబడే నిజానిజాలు తేలాలి అన్న మాటను కూడా ఈ గీటురాయి మీదనే పరీక్షించాలి. తేల్చే ఏర్పాటు వెంట వచ్చినప్పుడే ఆ మాటకు విలువ.

విరటుడు ఈ వ్యవహారాన్ని ఇద్దరి మధ్య కలహమనడంలో మరో మెలిక ఉంది. తెలుగులో తగవు అన్న మాట ప్రాచీన కావ్యభాషలో న్యాయం, ఔచిత్యం, తీర్పు అన్న అర్థాలు ఇస్తుంది. తగవరి అంటే న్యాయం చెప్పేవాడు. వాడుకలో అదే మాట జగడమన్న అర్థానికి జారింది. తగవు కోరి వచ్చిన స్త్రీ గోడును తగవులాటగా మార్చే పని విరటుడు ఒక్క మాటతో చేశాడు. కలహమంటే ఇరువైపులా పాలుంటుంది. ఫిర్యాదుకు అలా ఉండదు.

సభలో ఆ తరువాత వచ్చే మాట ధర్మరాజుది. చెట్టువంక చూస్తున్న వంటవాడు వలలుణ్ణి, అంటే భీముణ్ణి, వంటచెరకు మాటతో దాటించి ఆపిన చాతుర్యాన్ని వ్యాఖ్యాతలందరూ మెచ్చుకున్నారు. కాని అతడు సైరంధ్రితో అన్నది వేరు. సంస్కృత మూలంలో ఆమెను కాలం తెలియనిదని, నటివలె పరుగులు తీస్తున్నదని, రాజసభలో జూదానికి అడ్డు వస్తున్నదని కంకుడు మందలిస్తాడు. కొలువులో తీరుగా నిర్ధారితమైన మొదటి తప్పు ఆమె ప్రవర్తనదే అయింది. సేనాపతి తన్నడం కన్నా పరిచారిక పరుగెత్తడం సభామర్యాదకు ఎక్కువ భంగకరమైంది.

తిక్కన చేసిన మార్పు ఇక్కడే ఉంది. మూలంలో ద్రౌపది నటి అన్న మాటను అందుకోదు; పెద్దవాడు జూదరి కావడం గురించి మాత్రమే దెప్పుతుంది. తిక్కన ద్రౌపది ఆ మాటను అందుకుంటుంది. తన భర్త నటుడే కనుక తాను నటి కావడంలో వింత లేదని, పెద్దలను బట్టే పిన్నలని, అతడు నటుడే కాక జూదరి కూడా కనుక జూదరి ఆలికి గరువతనం ఎక్కడిదని కంకభట్టుకే తిప్పి చెబుతుంది. వేషం వేసుకొని నటిస్తున్నవాడు నిజంగా తన్నులు తిన్నదాన్ని నటి అన్నాడు. ఈ వ్యంగ్యం తెలిసినవారు ఆ సభలో అతి కొద్దిమంది. బాధితురాలి గొంతు, నడక, సమయజ్ఞత తగినట్టుగా లేవన్న ఆక్షేపణకు ఇంత సూటిగా జవాబు చెప్పిన ఘట్టం తెలుగు కావ్యాలలో అరుదు.

ధర్మరాజును దుష్టునిగా చూపడం ఇక్కడ ఉద్దేశం కాదు. అజ్ఞాతవాసం బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళ అరణ్యవాసం తప్పదు. అతని లెక్క అబద్ధం కాదు. కాని ఆ లెక్కలో కట్టవలసిన మూల్యమంతా ఒక్క మనిషి మీదనే వేశాడు. పెద్ద లక్ష్యం కోసం ఓర్చుకోమనే మాట ఎప్పుడూ ఓర్చుకుంటున్నవారికే ఎందుకు చెబుతారన్నది రాజకీయ పక్షాలన్నింటినీ అడగవలసిన ప్రశ్న.

విదురుని లెక్క

నేరానికి తగిన శిక్ష అన్న భావన ఆధునిక న్యాయశాస్త్రం మనకు ఇచ్చిందన్న నమ్మకం ఉన్నది. భారతంలోనే అందుకు ఒక లెక్క ఉంది. అది న్యాయస్థానం స్మరించిన సభాపర్వంలోనే, ద్రౌపది ప్రశ్నకు సభ మౌనం వహించినప్పుడు విదురుడు చెప్పిన కథలో వస్తుంది. ప్రహ్లాదుని కొడుకు విరోచనుడు, అంగిరసుని కొడుకు సుధన్వుడు ఎవరు శ్రేష్ఠులన్న వివాదంలో ప్రాణాలు పణం పెట్టి ప్రహ్లాదుణ్ణే తీర్పు అడుగుతారు. ఒక పక్షం కన్నకొడుకు. ప్రహ్లాదుడు సందేహంలో పడి కశ్యపుణ్ణి ఆశ్రయిస్తాడు. నిందింపదగినవాణ్ణి నిందించని సభలో పాపంలో సగం సభాపెద్దకు, పావు వంతు చేసినవానికి, పావు వంతు మిన్నకున్న సభ్యులకు చెందుతుందని కశ్యపుడు చెబుతాడు. నిందింపదగినవాణ్ణి సభ నిందించిన చోట పెద్దకు దోషం లేదు, సభ్యులకూ లేదు. మొత్తం చేసినవానికే పోతుంది. అది విని ప్రహ్లాదుడు కొడుకుకు వ్యతిరేకంగా తీర్పు చెబుతాడు.

సాధారణంగా శిక్ష తగుదనం గురించిన చర్చ చేసిన తప్పుకూ పడిన శిక్షకూ మధ్య తూకంగానే సాగుతుంది. కశ్యపుని లెక్క మరో తూకాన్ని ముందు పెడుతుంది: దోషం ఎవరెవరి మధ్య ఎంతెంత పంపకం కావాలి? చేసినవానికి పూర్తి బాధ్యత అంటగట్టాలంటే ముందు సభ తన పని చేయాలి. సభ పని చేయకపోతే చేసినవాడు తప్పించుకున్నాడని కాదు. అతని దోషం మిగిలినవారిలో కలిసి పలచబడిందని. బాధితురాలికి ఎంత అవసరమో ఆరోపితునికీ సరైన విచారణ అంతే అవసరమన్న మాట ఈ లెక్కలో ఇమిడి ఉంది.

దీన్ని విరటుని కొలువుకు అన్వయిస్తే సగం విరటునిది. బావమరిది విషయంలో అతడు ప్రహ్లాదుడు కాలేకపోయాడు. అందుకు కారణం ప్రేమ కాదని కథే చెబుతుంది: కీచకుడు చచ్చాడన్న వార్త పొక్కగానే త్రిగర్తరాజు సుశర్మ మత్స్యదేశం మీదికి దండెత్తుదామని కౌరవులను పురికొల్పుతాడు. ఆ రాజ్యపు బలమెంతో, అది ఎవరి భుజాల మీద ఉందో శత్రువులకు కూడా తెలుసు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. సంస్కృత పాఠంలో సంగతి తెలిసిన సభ్యులు ద్రౌపదిని మెచ్చుకొని కీచకుణ్ణి నిందించారు కదా, నింద జరిగినట్టే కదా అని. ఆ నింద ఏ పాటిదో చూడాలి. ఇటువంటి సౌందర్యవతి ఎవరి భార్యయో వాడు ధన్యుడన్న ప్రశంస దానికి తోడు వచ్చింది. రాజు తీర్పు తప్పించుకున్న తరువాత ఎవరికీ బాధ్యత లేని గుసగుసగా అది సాగింది. కశ్యపుడు చెప్పిన నింద, అడిగిన ప్రశ్నకు సభగా సభ ఇచ్చే జవాబు. రెండవది లేనిచోట మొదటిది ఎంత బిగ్గరగా వినబడినా ఫలితం ఒకటే. ఆగ్రహం విచారణకు బదులు కాదు.

నర్తనశాలకు వద్దాం. సభలో న్యాయం దొరకని ద్రౌపది రాత్రివేళ వంటశాలకు వెళ్ళి భీముణ్ణి లేపుతుంది. సంకేతస్థలానికి రప్పించిన కీచకుణ్ణి భీముడు చీకట్లో చంపి, ఆకారం తెలియని మాంసపు ముద్దగా చేస్తాడు. ఫిర్యాదు విన్నవాడు, తీర్పరి, తలారి ముగ్గురూ ఒక్కరే. చంపినది గంధర్వులని లోకం అనుకుంటుంది. అంటే శిక్ష వేసినవాడికి పేరు లేదు, అతణ్ణి ప్రశ్నించేందుకు తావు లేదు. దీన్ని న్యాయమనడం కష్టం. 1963లో వచ్చిన నర్తనశాల చిత్రంలో ఎస్.వి. రంగారావు కీచకుడు అలా కూలినప్పుడు ప్రేక్షకుని మనసు తృప్తిపడుతుంది; ఆ తృప్తి నిజమైనదే కాని అది సభ చేయవలసిన పనికి సాక్ష్యం కాదు. మరాఠీలో కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ 1907లో ఈ కథనే నాటకంగా మలిచి, కీచకునిలో కర్జన్‌ను చూపించాడు. 1910లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పరాయి ప్రభుత్వంలో అర్జీ వినే సభ లేదని నమ్మినవారికి భీముడే దారి అయ్యాడు. ఆ నాటకానికి ఉన్న ఈ సమర్థన స్వపరిపాలనలో ఉన్నవారికి లేదు.

ఉపకీచకుల వధ ఇంకా క్లిష్టం. కీచకుని శవంతో పాటు సైరంధ్రిని దహనం చేయడానికి వారు పూనుకుంటారు. విరటుడు వారి బలానికి జంకి అందుకు ఒప్పుకున్నాడని సంస్కృత భారతం స్పష్టంగా చెబుతుంది. ముందురోజు తెలియదు కనుక తీర్పు చెప్పలేనన్నవాడు, మరునాడు ఏ విచారణా లేకుండా ఒక స్త్రీ ప్రాణం తీయడానికి అనుమతించాడు. భీముడు చెట్టు పెకలించుకొని వెళ్ళి నూటయైదుగురినీ కూలుస్తాడు. కీచకునితో కలిపి నూటయారుగురు. వారు చేయబోయినది హత్యాప్రయత్నం కనుక నిరపరాధులనడానికి లేదు. కాని ఆ నూటయైదుగురిలో తాళ్ళు కట్టినవాడెవడు, పాడె మోసినవాడెవడు, అన్నల వెంట నడిచినవాడెవడు అన్న విభజన కావ్యంలో లేదు. ఒక్క తన్నును తీర్చలేని కొలువు నూటయారు శవాలకు దారితీసింది. శిక్ష అతిగా పడిందని భీముణ్ణి తప్పుపట్టేవారు మొదట ఈ వరుసను వెనక్కు నడవాలి.

సభ లేని చోట

ఈ చదువు నేటి వ్యవహారాలకు ఎంతవరకు పనికివస్తుంది? అక్బర్ వ్యవహారంలో ఒక సంగతి తరచు మరుగున పడుతుంది. ఆయన ఆరోపణలను ఖండించారు, 2018 అక్టోబరు 17న పదవికి రాజీనామా చేశారు, తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు వెళ్ళారు. 2021 తీర్పు తేల్చినది ప్రియా రమణి మాటలు శిక్షార్హమైన పరువునష్టమా కాదా అన్నది. ఆయనపై నేరవిచారణ అది కాదు. ఫిర్యాదును వినడానికి ఏర్పడిన సభ ఏదీ ఆ ఆరోపణలను విచారించలేదు. ఆరోపితుడే వేసిన కేసులో, నిందితురాలి స్థానంలో నిలబడి ఆమె తన మాటను రుజువు చేసుకోవలసి వచ్చింది. సైరంధ్రి కొలువుకు వెళ్ళింది. ఇక్కడ కొలువే ఆమెను పిలిపించింది.

అమెరికాలో దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. సెనేటర్ అల్ ఫ్రాంకెన్‌పై 2017 నవంబరు 16న మొదటి ఆరోపణ బహిరంగమైంది. సెనేట్ నైతిక విలువల సంఘం విచారణ జరపాలని ఆయనే కోరారు. అది పూర్తికాకముందే సొంత పక్షం సెనేటర్లు పలువురు రాజీనామా చేయమన్నారు. డిసెంబరు 7న ఆయన రాజీనామా ప్రకటించారు. అలా కోరినవారిలో కొందరు తరువాత పశ్చాత్తాపం చెందినట్టు 2019లో వెల్లడైంది. ఒకచోట విచారణ ఆరంభం కాలేదు, మరొకచోట ముగియలేదు. ఫలితాలు భిన్నమైనా కశ్యపుని లెక్క ప్రకారం రెండు చోట్లా పెద్దల వాటా పెద్దలకు చేరలేదు. ఆరోపణల తీవ్రతలో తేడాలుంటే వాటిని తూచవలసినది కూడా ఆ విచారణే. తూకం వేయనిచోట చిన్నదీ పెద్దదీ ఒకే రాజీనామాతో తీరిపోతాయి. ఫిర్యాదు చేసినవారికి తమ మాట నిజమని తేలిన తృప్తి దక్కదు, ఆరోపితునికి ఏ మేరకు దోషి అన్నది తెలియదు.

భారతీయ చట్టం ఈ తూకాన్ని గురించి ఆలోచించకపోలేదు. 1997 నాటి విశాఖ తీర్పు తరువాత వచ్చిన 2013 చట్టం ఫిర్యాదుకు గడువు పెట్టింది, విచారణ 90 రోజులలో ముగించమన్నది, ఆరోపణ రుజువు కాకపోతే చర్య అక్కరలేదన్నది. రుజువు చేయలేకపోవడమే అబద్ధపు ఫిర్యాదుకు నిదర్శనం కాదని కూడా చెప్పింది. ఇరుపక్షాల వివరాలను గోప్యంగా ఉంచమన్నది. విరటుని సందేహానికీ, సైరంధ్రి గోడుకూ చోటిచ్చిన రచన అది. అయితే అది పనిచేసే చోటుకూ, యజమానికీ ముడిపడిన చట్టం. రాజకీయ పక్షానికీ, దాని కార్యకర్తలకూ యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కనుక పక్షాలు అంతర్గత ఫిర్యాదుల సంఘాన్ని ఏర్పరచవలసిన పని లేదని 2022 మార్చిలో కేరళ హైకోర్టు అభిప్రాయపడింది. అదే తీర్పులో సినిమా నిర్మాణ సంస్థలకు ఆ బాధ్యత ఉందని చెప్పింది. చట్టపు అక్షరాన్ని బట్టి ఆ అభిప్రాయం సమంజసమే కావచ్చు. ఫలితంగా పక్షంలోని స్త్రీ ఫిర్యాదు చేరే చోటు పక్షాధ్యక్షుని ముంగిలి. ఎన్నికలలో ఎవరి బలం మీద నెగ్గాడో ఎరిగినవాడు ఆ అధ్యక్షుడు.

కీచకోదంతపు చివరి భాగాన్ని విమర్శకులు త్వరగా దాటిపోతారు. నూటయారుగురూ చచ్చిన తరువాత పౌరులు భయపడి రాజుతో మొరపెట్టుకుంటారు. అప్పుడు విరటుడు మొదటిసారిగా ఈ వ్యవహారంలో ఒక నిర్ణయం చెబుతాడు: సైరంధ్రిని ఊరు విడిచి పొమ్మని రాణి చేత చెప్పించడం. తన నోట ఆ మాట అనడానికి అతనికి ధైర్యం చాలలేదు. 2013 చట్టంలో విచారణ సాగుతున్నంత కాలం ఫిర్యాదు చేసిన స్త్రీనో, ఎదుటి వ్యక్తినో బదిలీ చేసే ఏర్పాటు ఉంది. ఆమె కోరితేనే అది వర్తిస్తుంది. మత్స్యరాజ్యంలో అది కోరకుండానే, విచారణ లేకుండానే, ఆమెకే వర్తించింది. ద్రౌపది సుదేష్ణను పదమూడు రోజుల గడువు మాత్రం అడుగుతుంది. సుదేష్ణ ఇచ్చింది. ఆ అంతఃపురంలోనే, తనను కీచకుని ఇంటికి పంపిన రాణి దగ్గరే, ఆ పదమూడు రోజులూ ఆమె కొలువు చేసింది.